చీలమండ ఫ్రాక్చర్, ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదు: కర్రలు, మెట్రో, చుట్టుపక్కల వాళ్ల మాటలు

చైతన్యపురి_అన్న

మా చెల్లికి (28) ఎడమ చీలమండ దగ్గర రెండు వైపులా ఎముక విరిగింది. ప్లేటు, స్క్రూలు వేశారు. ఇప్పుడు స్లాబ్ (కాలు కదలకుండా వేసే పీఓపీ కట్టు) ఉంది, కుట్లు ఇంకా తీయలేదు. ఆరు వారాలు ఆ కాలు నేలకు ఆనించొద్దన్నారు. చంక కర్రలు చేతికిచ్చి పంపారు గానీ ఎలా వాడాలో ఎవరూ చూపించలేదు. మూడు రోజులకే చంకలు కమిలిపోయాయి.

ఇల్లు హైదరాబాద్ చైతన్యపురిలో, మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది కానీ స్టిల్ట్ పార్కింగ్ నుంచి లిఫ్ట్ దగ్గరికి నాలుగు మెట్లు. పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. ఆఫీసు రాయదుర్గంలో. మూడో వారం నుంచి వారానికి రెండు రోజులైనా రమ్మంటున్నారు. మెట్రోలో వెళ్లొచ్చా, క్యాబేనా?

రెండో సంగతి, మాటలు. లిఫ్ట్ దగ్గర ఒకావిడ "ఏ జన్మలో ఏం చేసుకున్నావో తల్లీ" అంటుంది. చుట్టాలు ఫోన్ చేసి "సంబంధాలు చూస్తున్నారు కదా, కాల్లో రాడ్ ఉందని ఎవరికీ చెప్పకండి" అంటున్నారు. ఆఫీసు వీడియో కాల్‌లో ఒకాయన కుంటి గుర్రం అని జోకేస్తే అందరూ నవ్వారు. ఇప్పుడు చెల్లి ఎవరు ఏమన్నా ముందే "నేను వికలాంగురాల్ని కాదు, ఫ్రాక్చర్ అంతే" అనేస్తోంది. అలా అంటే నోరు మూస్తున్నారు కూడా. ఇదే సరైన పద్ధతా, ఇంకేమైనా చేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

కూల్_రాజా

ఆరు వారాలేగా బ్రో, నవ్వి ఊరుకోమనండి. జనం ఊరికే ఏదో అంటుంటారు. ప్లేటు తీయించేసి పుత్తూరు కట్టు వేయించండి, ఇరవై రోజుల్లో నడుస్తుంది. రోజూ పొద్దున పాయా తాగించండి.

ఫిజియో_నల్లకుంట

పైన చెప్పింది చేయకండి. ఎముక అతుక్కునేదాకా ముక్కలు కదలకుండా పట్టి ఉంచడమే ప్లేటు పని. మధ్యలో తీస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆపరేషన్ గాయం మీద బిగువుగా కట్టు కడితే లోపల చీము పట్టినా, రక్తం ఆడకపోయినా బయటికి తెలియదు. పాయా తాగాలనిపిస్తే తాగనివ్వండి, రుచికి. కాల్షియం కోసమైతే అందులో పెద్దగా ఏమీ ఉండదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాములు ఉంటుంది, పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1000. రాగిజావ, పెరుగు, పప్పు, గుడ్డు చాలు.

ఇక కర్రలు. చంకలు కమిలాయంటే కర్రలు పొడవెక్కువయ్యాయి, లేదా ఒంటి బరువు చంకల మీద వేస్తోంది. తరచుగా రెండూ కలిసే ఉంటాయి. కుడికాలికి రోజూ వేసుకునే చెప్పు వేసుకుని నిలబడమనండి, కొలత ఉత్త కాలితో తీస్తే తప్పు వస్తుంది. కర్ర చివరలు పాదానికి అరడుగు పక్కకు, అరడుగు ముందుకు ఉంచాలి. అప్పుడు కర్ర పై దిండుకూ చంకకూ మధ్య మీ వేళ్లు రెండు మూడు పట్టాలి. చెయ్యి వదులుగా కిందికి వేలాడేస్తే పిడి సరిగ్గా మణికట్టు గీత దగ్గరికి రావాలి, పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగాలి. బరువంతా అరచేతుల మీదే పడాలి. పై దిండును పక్కటెముకలకు అదిమి పట్టుకోవాలి తప్ప దాని మీద వేలాడకూడదు. చంకలోంచి చేతికి పోయే నరం నలిగితే మణికట్టు పైకి లేవదు, చెయ్యి వాలిపోతుంది. చేతి వెనకవైపు, బొటనవేలి దగ్గర తిమ్మిరి మొదలైతే అది తొలి హెచ్చరిక.

అల్యూమినియం కర్రలైతే పొడవు మార్చిన ప్రతిసారీ రెండు వైపులా స్ప్రింగ్ బటన్ బయటికి పొడుచుకొచ్చిందా చూడండి, రెండు కర్రలకూ ఒకటే రంధ్రం నంబర్ ఉండాలి. పిడి దగ్గరి రెక్కల నట్లు వారానికోసారి బిగించండి. అవి వదులై పిడి జారడం వల్ల పడేవాళ్లు చాలామంది.

నడక: రెండు కర్రలూ ఒకేసారి ఒక అడుగు ముందుకు, దెబ్బ కాలు గాల్లో వాటితోపాటే, తర్వాత అరచేతుల మీద ఒత్తి మంచి కాలు ముందుకు. మొదట్లో మంచి కాలు కర్రల గీత దాటకూడదు.

మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దాని వెనక దెబ్బ కాలూ కర్రలూ. దిగేటప్పుడు కర్రలూ దెబ్బ కాలూ ముందు, తర్వాత మంచి కాలు. తోడున్నవాళ్లు ఎప్పుడూ ఆమెకంటే కింది మెట్టు మీదే ఉండాలి: ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ఎదురుగా. నడుముకు బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. భుజమో చెయ్యో పట్టుకుంటే కర్ర మీద పట్టు పోతుంది, ఇద్దరూ పడతారు. రెయిలింగ్ ఉంటే రెండు కర్రలూ ఒక చంక కింద పెట్టి రెండో చేత్తో రెయిలింగ్ పట్టుకోవాలి. మీకు అది లేదు కాబట్టి మొదటి వారం ఆ నాలుగు మెట్లూ కూర్చుని, వెనక్కి ఒక్కో మెట్టే జరుగుతూ ఎక్కడం అన్నిటికంటే క్షేమం. పైన గోడకు ఆనించి ఒక కుర్చీ పెట్టుకోండి, లేచి నిలబడటానికి. వాచ్‌మన్ చూస్తున్నాడని ఆమెకు మొహమాటంగా ఉండొచ్చు. ఇబ్బంది పెట్టేది ఆ మెట్లు, ఆమె కూర్చోవడం కాదు.

మొదటి రెండు వారాలు కూర్చున్నా పడుకున్నా కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలి, అంటే కాలి కింద రెండు మూడు తలగడలు. కుర్చీలో కూర్చుని ఎదురుగా పీట మీద కాలు పెడితే అది ఎత్తు లెక్కలోకి రాదు. వేళ్లు గంటకోసారి ఆడించాలి. దురద పెడితే స్కేలు, అల్లికసూది లోపలికి తోయకండి. గీరుకున్న చోట పుండు పడితే స్లాబ్ విప్పేదాకా తెలియదు. హెయిర్ డ్రయర్ చల్లగాలితో పెట్టండి.

వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సినవి: మాత్రలకు లొంగకుండా పెరిగే నొప్పి, వేళ్లను ఎవరైనా పైకి లాగితే ప్రాణం పోయేంత నొప్పి, వేళ్లు తెల్లబడటం లేదా నీలంగా చల్లగా అవడం, తిమ్మిరి. పిక్కలో వాపూ నొప్పీ, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా అంతే. అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. పీసీఓడీకో మరో దానికో హార్మోన్ మాత్రలు వాడుతుంటే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఇవాళే చెప్పండి. కదలకుండా ఉన్నప్పుడు గడ్డకట్టే ముప్పు వాటితో పెరుగుతుంది. ఇది అడగడం చాలామంది మరిచిపోతారు.

రెడ్‌లైన్_రోజూ

అన్నా, మెట్రోల పోవచ్చు, కానీ టైమ్ చూస్కోని పోవాలె. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాక, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాక అసలు వద్దు. బండికి మూడే డబ్బాలు, నిలబడెటందుకే జాగ ఉండదు, కర్ర ఎవరి కాలుకన్న తాకితే ఆమె పడిపోతది. ఆఫీసోళ్లను పదకొండుకు వస్తనని అడగమను.

చైతన్యపురిల ఎక్కితే అప్పటికే రెండు స్టేషన్లు అయిపోతయి. సీటు పక్కా కావాల్నంటే క్యాబ్ల ఎల్బీ నగర్ దాక పోయి ఆడనే ఎక్కుర్రి, బండి ఆడికెల్లే మొదలైతది. వచ్చేటప్పుడు ఫికర్ లేదు, రాయదుర్గం బ్లూ లైన్‌కు మొదటి స్టేషన్. అమీర్‌పేట్‌ల రెడ్ నుంచి బ్లూకు మారాలె, రెండు లైన్ల ప్లాట్‌ఫారాలు వేరే వేరే అంతస్తుల ఉంటయి. బండి ఆగంగనే లేవొద్దు. జనం మొత్తం దిగినంక దిగి లిఫ్ట్‌ల పోవాలె. ఎస్కలేటర్ మాత్రం వద్దే వద్దు. కర్ర ఒక మెట్టు మీద, కాలు ఇంకో మెట్టు మీద పడితే ఆపెటోడు ఉండడు. లిఫ్ట్ కాడ మస్తు గట్టిగున్నోళ్లు లైన్ల ఉంటరు. "కర్రలున్నయి, జర ముందు ఎక్కనియ్యిర్రి" అని గట్టిగ అనాలె. మనసుల అనుకుంటె ఎవ్వరు జరగరు.

సెక్యూరిటీ కాడ కర్రలు కూడా స్కానర్ల ఎయ్యమంటె "ముందు కుర్చీ ఇయ్యిర్రి, కూసున్నంక ఇస్త" అనాలె. కర్రలిచ్చి ఒంటికాలు మీద నిలబడొద్దు. టికెట్ గేట్లల్ల ఎడల్పుది ఒకటి ఉంటది, దాంట్లకెల్లే పోవాలె. దిగే స్టేషన్ల లిఫ్ట్ రోడ్డుకు ఏ దిక్కున ఉన్నదో సిబ్బందిని ముందే అడుగుర్రి, ఉల్టా దిక్కు దిగితె రోడ్డు దాటుడు పెద్ద పరేషాన్.

ఆటోల ఎడమ దిక్కుకెల్లే ఎక్కుడు ఉంటది. సీటుకు ఈపు పెట్టి ముందు కూసోని, చేతుల మీద లోపలికి జరగాలె. ఎడమ కాలు ఆఖర్న లోపలికొస్తది కాబట్టి పాదం బయటికి రాకుండ చూస్కోవాలె, పక్కన బైకోళ్లు రాస్కుంట పోతరు. క్యాబ్ అయితె ముందు సీటు మొత్తం ఎనక్కి జరిపి కూసునుడు నయం. సిటీ బస్సు ఈ ఆరు వారాలు మర్చిపోర్రి. మెట్టు ఎత్తు, పైనుంచి డ్రైవర్ సగం ఎక్కంగనే లాగిస్తడు.

కర్రల_లెక్క

మీ రెండో ప్రశ్నకు. "నేను వికలాంగురాల్ని కాదు, ఫ్రాక్చర్ అంతే" అనే వాక్యం పనిచేస్తోందన్నారు. ఎందుకు పనిచేస్తోందో ఆలోచించండి. నన్ను తప్ప మిగతావాళ్లను అనుకోవచ్చు అని అది ఎదుటివాళ్లకు ఒప్పుకుంటోంది. అదే ఆఫీసులో, అదే అపార్ట్‌మెంట్‌లో కాలిపర్ (కాలికి ఊతగా కట్టే చట్రం) వేసుకున్న మనిషి ఉంటే ఆ మాట వాళ్లకు ఎలా తగులుతుంది? చెల్లిని తప్పుపట్టడం లేదు, నొప్పిలో ఉన్న మనిషి చేతికందిన కవచం తొడుక్కుంటుంది. కానీ "ఆ మాట ఎవర్నీ అనొద్దు" అనడం కూడా అంతే పొట్టిగా ఉంటుంది, అంతే పనిచేస్తుంది.

ఊరికే ఆరా తీసేవాళ్లకు ఒక పని అప్పగించడం మంచి ఉపాయం. "ఎలా పడ్డావమ్మా?" అంటే "మెట్ల మీదండీ. ఆ తలుపు కాస్త పట్టుకుంటారా?" ఆరా అక్కడితో తెగిపోతుంది, తలుపూ తెరుచుకుంటుంది. పూర్వజన్మ పాపాల ఆవిడకు జవాబు అక్కర్లేదు, లిఫ్ట్ బటన్ నొక్కమనండి. సంబంధాల సంగతి మాత్రం నవ్వి వదిలేసేది కాదు. "ఎవరికీ చెప్పకండి" అన్నవాళ్లకు "ఎక్స్‌రే ఫొటో ఫోన్‌లో ఉంది, అడిగినవాళ్లకి చూపిస్తాం" అని ఇంట్లో పెద్దవాళ్లే చెప్పాలి. దాచాల్సిన లోపమని అమ్మాయి చెవిన పడకుండా చూడాల్సింది మీరు. ఆ ఫోన్లు మీరే ఎత్తండి.

సాయం చేయబోయి పడేసేవాళ్ల గురించి ఆఫీసులో ముందే చెప్పించండి: అడగకుండా మోచెయ్యి పట్టుకోవద్దు, గోడకు ఆనించిన కర్రలు అడ్డంగా ఉన్నాయని తీసి దూరంగా పెట్టొద్దు, వాటితో పిల్లలు ఆడుకోవద్దు, మాట్లాడాల్సింది ఆమెతో, పక్కనున్న అన్నతో కాదు.

చట్టం సంగతి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో వైకల్యానికి నిర్వచనం దీర్ఘకాలికమైన లోపం. అతుక్కునే ఫ్రాక్చర్ దాని కిందికి రాదు కాబట్టి వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, రాయితీ పాస్‌ల కోసం తిరగొద్దు. కానీ ఆఫీసులో జోకేసినాయనకు ఒకటి తెలియాలి. నలుగురి ముందు వికలాంగుల్ని కావాలని అవమానిస్తే ఆ చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. మీ చెల్లి విషయంలో అది పెట్టలేరు. అదే నోటితో రేపు ఎవరినంటాడో చెప్పలేం కదా, హెచ్‌ఆర్‌కి రాసే మెయిల్‌లో ఒక వాక్యం ఉంటే మంచిది.

ఆ నాలుగు మెట్ల గురించి అసోసియేషన్‌తో మాట్లాడండి. అందరూ ముందు ర్యాంప్ అంటారు. లెక్క చూడండి: ర్యాంప్ వాలు 1:12 ఉండాలి, అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ఆరంగుళాల మెట్లు నాలుగైతే 24 అంగుళాలు, 24 అడుగుల ర్యాంప్ కావాలి. స్టిల్ట్‌లో రెండు కార్ల స్థలం పోతుంది, ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నా ఆరడుగుల్లో నిటారుగా పోసి పైన నున్నటి గ్రానైట్ వేస్తారు. అది వీల్‌చైర్‌కి పనికిరాదు, కర్రలకైతే మెట్లకంటే ప్రమాదం. కాబట్టి ముందు స్టీల్ రెయిలింగ్ అడగండి, వీలైతే రెండు వైపులా, 90 సెంటీమీటర్ల ఎత్తులో, పై మెట్టు దాటి ఒక అడుగు ముందుకు సాగేలా. వెల్డింగ్ షాపువాడికి ఒక రోజు పని. మెట్ల అంచులకు గరుకు టేపు అతికించాలి. "చెల్లి కోసం" అని అడిగితే ఆరు వారాలేగా అంటారు. ఆ బిల్డింగ్‌లో అరవై దాటినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టి ఆ సంఖ్యతో అడగండి. ర్యాంప్ మాట వదలొద్దు, స్థలం వెతికే పని వాళ్లకే పెట్టండి. పబ్లిక్ బిల్డింగుల్లో ఈ కొలతలు ఐచ్ఛికంగా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలుగా చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందున్న అధ్యయన నివేదిక మన శామీర్‌పేట నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రానిదే.

చైతన్యపురి_అన్న

అందరికీ థాంక్స్. కర్రలు కొలిచి చూశాం, రెండు రంధ్రాలు ఎక్కువ పొడవున్నాయి. ఇంకో రెండు: బాత్రూమ్‌లో ఎలా? మాది ఇండియన్ టాయిలెట్, పైగా గడప ఉంది. ఆఫీసుకు రాసే మెయిల్‌లో ఏం అడగాలి?

వాకర్_అత్తయ్య

బాత్రూమే అసలు పరీక్ష బాబూ, మెట్లు కాదు. కమోడ్ కుర్చీ అని దొరుకుతుంది, మధ్యలో రంధ్రంతో, ఇండియన్ టాయిలెట్ మీద నాలుగు కాళ్లతో నిలబడేది. కోఠిలో సర్జికల్ షాపుల్లో అడుగు. కాళ్ల కింద రబ్బరు ఉండాలి, చేతులు ఆనించే కమ్మీలు ఉండాలి, ఎత్తు మార్చే వీలుండాలి. ఇంటికి తెచ్చాక తడి నేల మీద పెట్టి ముందు నువ్వు కూర్చుని ఊగి చూడు.

స్నానానికి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, వెనక గోడకు ఆనించి. దెబ్బ కాలు బయటికి చాపి పీట మీద పెట్టుకోవాలి. స్లాబ్‌కి ముందు పొడి తువ్వాలు చుట్టి, పైన రెండు పాలిథిన్ కవర్లు ఒకదాని మీద ఒకటి, మోకాలి కింద టేపు. ఒక్క కవరే అయితే ఏ సూదిమొన రంధ్రంలోంచో నీళ్లు దిగుతాయి, పీఓపీ మెత్తబడుతుంది. టేపు రక్తం ఆగేంత బిగించొద్దు. కవర్ కట్టినా సరే, నీళ్లు ఆ కాలి మీద పోసుకోకూడదు. బకెట్ కుర్చీ పక్కన స్టూలు మీద ఉంటే వంగే పని తప్పుతుంది. గడప దాటడం మెట్టెక్కడం లాంటిదే, ఫిజియోగారు చెప్పిన వరసే. లోపల నేల పల్లంగా ఉంటుంది కాబట్టి లోనికి దిగేటప్పుడు కర్రలు ముందు. గొళ్లెం పెట్టుకోవద్దని చెప్పు.

ఇల్లు తుడిచే అమ్మాయికి వేళ చెప్పాలి. చెల్లి మంచం మీద ఉన్నప్పుడే తడిగుడ్డ పెట్టాలి, ఫ్యాన్ వేసి పూర్తిగా ఆరాకే లేవాలి. గుమ్మం దగ్గరి కాళ్లపట్టాలు అన్నీ తీసి అటక మీద పడెయ్యి. చున్నీ, నేలకు జీరాడే నైటీ వద్దు. మోకాలి కింద వరకు ఉండే వదులు పలాజో అయితే స్లాబ్ మీదుగా ఎక్కుతుంది, ముందు దెబ్బ కాలికి తొడగాలి, విప్పేటప్పుడు మంచి కాలిది ముందు. చేతిసంచి భుజానికి వేసుకుంటే ఒక పక్కకు లాగుతుంది, వీపుకి చిన్న బ్యాగు మేలు. టీ కప్పు పట్టుకుని నడవలేదు కదా, మూత గట్టిగా ఉన్న ఫ్లాస్కులో పోసి ఆ బ్యాగులో పెట్టు. ప్రతిదానికీ ఇంకొకర్ని పిలవడం మనుషుల మాటలకంటే ఎక్కువ నలిపేస్తుంది.

కర్రల_లెక్క

మెయిల్‌లో "దయచేసి సహకరించగలరు" అని ఊరికే రాయొద్దు, ఏమీ రాదు. డాక్టర్ చీటీలో "ఫలానా తేదీ దాకా ఎడమ కాలి మీద బరువు వేయరాదు" అని తేదీతో రాయించి జతచేయండి. అడగాల్సినవి: ఆరు వారాలూ ఇంటి నుంచి పని, అది కుదరదంటే పదకొండు నుంచి నాలుగు దాకా, లిఫ్ట్‌కీ టాయిలెట్‌కీ దగ్గర్లో సీటు, కాలు చాపుకోవడానికి రెండో కుర్చీ, క్యాబ్ బేస్‌మెంట్‌లో కాకుండా ప్రధాన ద్వారం దగ్గర ఆగే అనుమతి, ఫైర్ అలారం మోగితే లిఫ్ట్ వాడరు కాబట్టి మెట్ల మీదుగా ఆమెతో దిగే ఇద్దరి పేర్లు. చివరిది ఎవరూ అడగరు, డ్రిల్ రోజున బయటపడుతుంది. జీతం నెలకు 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కడుతుంటే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి వైపు చూడండి: కట్టిన చందాలు సరిపోతే అనారోగ్య సెలవుకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఉద్యోగంలో తగిలిన దెబ్బని రుజువైతే 90 శాతం.

ఫిజియో_నల్లకుంట

ఆరు వారాలు కాగానే కర్రలు పారేయకండి. ఎక్స్‌రే చూసి సగం బరువో, పావు బరువో వేయమంటారు. పావు బరువంటే ఎంతో కాలికి తెలియదు, ఇంట్లో బరువు తూచే మిషన్ మీద ఆ పాదం ఆనించి ముల్లు 15 కిలోల దగ్గర ఆగేదాకా రోజూ పది సార్లు ఒత్తి చూస్తే అలవాటవుతుంది. ఎన్ని కిలోలో డాక్టర్ చెప్పిందే లెక్క. ఒక కర్రకు దిగినప్పుడు అది కుడి చేతిలో ఉండాలి, దెబ్బ కాలికి ఎదురు పక్క. దాదాపు అందరూ దెబ్బ కాలి వైపే పట్టుకుంటారు, అలా పట్టుకుంటే ఒళ్లంతా ఆ కాలి మీదికే ఒరుగుతుంది. ఆ దశలో "తగ్గిపోయిందిగా, ఇంకా నాటకమా" అనేవాళ్లు మొదలవుతారు. కుంటు పోవడానికి ఇంకో నెల, రెండు నెలలు పట్టడం మామూలే.

కర్రల అడుగున రబ్బరు బుష్‌లు ఇప్పుడే తిప్పి చూడండి. గీతలు అరిగి నున్నగా అయ్యుంటే, తడి టైల్స్ మీద సబ్బు మీద నడిచినట్టే. కొత్తవి కొనేటప్పుడు పాత బుష్ వెంట తీసుకెళ్లండి, గొట్టం లావు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. వదులుగా ఉన్నదానికి లోపల గుడ్డ కుక్కి బిగించొద్దు, అది మెట్టు మీదే ఊడుతుంది.